నాకు లెక్కలు వస్తాయంటారా?

ప్రశ్న: మేడమ్, నాకు 32 ఏళ్లు. డీఎడ్ అవ్వగానే పెళ్లయింది. పిల్లలిద్దరూ బడికెళ్తున్నారు కదా అని ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) ఉద్యోగం కోసం మళ్లీ పుస్తకాలు పట్టాను. టీచర్ల అర్హత పరీక్ష టెట్ పేపర్-1లో 150కి 71 మార్కులొచ్చాయి. బీసీలకు 75 రావాలి. లెక్కల్లో 30కి 9. మా అన్నయ్య ‘నీది మొదట్నుంచీ లెక్కల బుర్ర కాదు, వదిలెయ్’ అంటున్నాడు. ఫ్రెండేమో గ్రోత్ మైండ్‌సెట్ వీడియోలు చూడమంది. చూస్తున్నంతసేపూ ధైర్యంగానే ఉంటుంది. పేపర్ ముందు కూర్చుంటే చేతులు చల్లబడిపోతాయి. నాకు లెక్కలు వస్తాయంటారా?
– ఓ సోదరి, బాపట్ల జిల్లా

జవాబు: వస్తాయమ్మా. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, మీ మనసు నొప్పించకూడదని చెప్తున్న మాట కాదిది.

ముందు మీ మార్కులు చూద్దాం. తగ్గింది నాలుగే. టెట్‌లో సబ్జెక్టుకింత అని విడిగా పాస్ మార్కుల్లేవు, తప్పు రాస్తే కోతా లేదు. ఆ నాలుగూ తెలుగులోనో ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం)లోనో లాగేసి గట్టెక్కొచ్చు. నేను మాత్రం అలా చెయ్యమనను. టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. పైగా రేపు ఆ చిన్నపిల్లలకు భిన్నాలు చెప్పాల్సింది మీరే.

మీ ఫ్రెండ్ చెప్పిన మాటను ప్రచారంలోకి తెచ్చింది అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ సైకాలజీ ప్రొఫెసర్ కరోల్ డ్వెక్. తెలివి పుట్టుకతో వచ్చినంతే ఉండిపోదని, సాధన చేస్తే, పద్ధతి మార్చుకుంటే, తెలిసినవాళ్లను అడిగి చెప్పించుకుంటే పెరుగుతుందని ఆవిడ అంటారు. అక్కడ దాదాపు 12 వేల మంది తొమ్మిదో తరగతి పిల్లలకు గంటలోపే ఈ సంగతి కంప్యూటర్ మీద చెప్పి చూశారు. ఫలితాలు 2019లో నేచర్ పత్రికలో వచ్చాయి. చదువులో వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. గంట కూడా పట్టని పనికి అది మంచి ఫలితమే, కానీ అంతవరకే. వీడియో ఇచ్చిన ధైర్యంతో పుస్తకం తెరుస్తారు, భిన్నాల కూడిక దానంతటదే రాదు కదా!

అందుకని ‘లెక్కలు రావు’ అని మొత్తానికి మొత్తం చుట్టేయకండి. ఏ లెక్క రావట్లేదు? మీ రెస్పాన్స్ షీట్ (పరీక్షలో మీరు పెట్టిన జవాబులు) తీసి, తప్పిన 21 లెక్కలూ ఒక నోట్సులో ఎక్కించండి. ఒక్కోదాని పక్కన కారణం రాయండి: సంగతే తెలియదా, తెలిసీ కూడికలో తప్పారా, ప్రశ్న సరిగ్గా చదవలేదా? నేను చూసినంతలో తప్పులన్నీ రెండు మూడు చోట్లే పోగుపడి ఉంటాయి.

మా క్లాసుల్లో ఏటా తప్పే లెక్క ఒకటి చెప్తాను. వెయ్యి రూపాయల చీర ధర 20 శాతం పెంచి, పెంచిన ధర మీద 20 శాతం తగ్గిస్తే ఎంత? ‘వెయ్యే టీచర్’ అనేవాళ్లు. పెంచితే 1200. తగ్గించే 20 శాతం ఆ 1200 మీద కట్టాలి, అంటే 240. చీర ధర 960. ఇది తప్పిన పిల్లలకు శాతం కట్టడం వచ్చు, తీసివేత వచ్చు. ‘దేని మీద శాతం?’ అని ఆగి తమను తాము ప్రశ్నించుకునే అలవాటొక్కటే లేదు. ప్రతి శాతం లెక్క ముందూ ఆ ప్రశ్న పెన్సిల్‌తో రాయించేదాన్ని. ‘నాకు రాదు’ అని వెనక బెంచీలో కూర్చున్నవాళ్లు కూడా దాంతో దారిలో పడ్డారు.

భిన్నాల్లో అయితే 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసేస్తారు. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువెలా వస్తుంది? జవాబు రాశాక ఒక్కసారి అలా చూసుకుంటే తప్పు అక్కడే దొరికిపోతుంది. ఇక్కడ తడబడుతుంటే సిగ్గుపడకుండా ఐదో తరగతి పుస్తకం నుంచి మొదలుపెట్టండి.

గైడులో చేసిపెట్టిన లెక్క చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. దాన్ని నమ్మకండి. పుస్తకం మూసి తెల్లకాగితం మీద చెయ్యండి, ఆగిపోయిన మెట్టు దగ్గర మాత్రం తెరిచి చూడండి. అదే లెక్క రెండ్రోజులాగి ఒకసారి, వారం పోయాక ఇంకోసారి చెయ్యండి.

చేతులు చల్లబడ్డం గురించి. టెట్‌లో 150 ప్రశ్నలకు రెండున్నర గంటలు, అంటే ప్రశ్నకో నిమిషం. మిగతా సబ్జెక్టులు ముందు ముగించి, మిగిలిన టైమంతా లెక్కలకు ఉంచుకోండి. ఇంట్లో కూడా గడియారం పెట్టుకునే చెయ్యండి. ఆ తొందర ఇంట్లోనే అలవాటైతే హాల్లో అంత కంగారుండదు.

మీ అన్నయ్యకు ఇప్పుడేమీ బదులు చెప్పక్కర్లేదు. పిల్లల ముందు మాత్రం ఆ మాట అననివ్వకండి. లెక్కలు కొందరికే వస్తాయని వాళ్లూ అనుకుంటారు.

ఈ ఆదివారం ఆ 21 తప్పుల పని పెట్టుకోండి. ఏ పాఠంలో ఎన్ని ఉన్నాయో నాకు రాయండి. శాతాలూ భిన్నాలూ కాకుండా క్షేత్రమితి దగ్గర ఎక్కువ పోతుంటే వచ్చే నెల దాని గురించే రాస్తాను.