మైనస్ నాలుగు పవరుకు ఎలాంటి కళ్ళజోడు తీసుకోవాలి?

పవరు మైనస్ నాలుగుకు చేరిందనీ, కళింగపట్నం సముద్రపు గాలికి పాత లోహపు ఫ్రేము పచ్చగా చిలుము పట్టిందనీ, ఈసారి ఏది తీసుకోవాలనీ మీరు అడిగారు.

మైనస్ అద్దం నడుమ పలుచగా, అంచుల వద్ద మందంగా ఉంటుంది కాబట్టి, ఫ్రేము ఎంత వెడల్పయితే అంత మందమైన అంచు బయటపడుతుంది. అందువల్ల ఖరీదైన పలుచని అద్దాల గురించి అడగడానికి ముందే, కనుపాపలు సరిగ్గా అద్దాల నడిమికి వచ్చే చిన్న ఫ్రేమును వెతకండి. వక్రీభవన గుణకం (ఈ అంకె పెరిగే కొద్దీ అద్దం పలుచనవుతుంది) 1.50 ఉన్న సాధారణ ప్లాస్టిక్ అద్దానికి బదులు 1.60 ఉన్నది మీ పవరుకు సరిపోతుంది, 1.74 కోసం అదనంగా ఖర్చు పెట్టడం నా దృష్టిలో దండగే. శ్రీకాకుళంలో పరీక్ష చేయించుకుని విజయనగరంలో అద్దాలు వేయించుకునేటట్లయితే, కనుపాపల మధ్య దూరాన్ని కూడా మిల్లీమీటర్లలో చీటీ మీద రాయించుకోండి, ఎందుకంటే ఆ కొలత తప్పితే పవరు సరిగ్గా ఉన్నా తలనొప్పి రావచ్చు.

చిలుము విషయానికి వస్తే, చెమట, ఉప్పుగాలి కలిసి లోహంలోని రాగిని తినడం వల్ల అది ఏర్పడుతుంది. అసిటేట్ అనే ప్లాస్టిక్ ఫ్రేముకు గాని, టైటానియం ఫ్రేముకు గాని ఆ బెడద లేదు.

అద్దాలను పైట చెంగుతోనో తువ్వాలుతోనో పొడిగా తుడవకండి (అందరమూ చేసే పనే అది), ఇసుక రేణువులే గీతలు పెడతాయి. ముందు చన్నీళ్ళతో కడిగి, చుక్క ద్రవ సబ్బుతో రుద్ది, మెత్తని గుడ్డతో అద్దండి. ఎండలో నిలిపిన కారులో వదిలితే పైపూత పగుళ్ళు తీస్తుంది.