వాలుపై దొర్లే గుండును కొలిచేటప్పుడు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి సుమతికి తాతయ్య ఆశీస్సులు.

నీవు పంపిన రీడింగులు చూశాను. ఒకటిన్నర మీటరు పొడవున్న, పైభాగం తెరిచి గాడిలా ఉండే అల్యూమినియం చానల్‌కు ఒక కొసను 7.5 సెంటీమీటర్లు ఎత్తి, 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఉక్కు గుండును వదిలితే 120 సెంటీమీటర్లు దొర్లడానికి సగటున 2.824 సెకన్లు పట్టిందనీ, దాన్నిబట్టి గురుత్వ త్వరణం (జీ) లెక్కగడితే సెకను వర్గానికి 6.02 మీటర్లు మాత్రమే వచ్చిందనీ వ్రాశావు. ఆ రీడింగులన్నీ పారవేసి మళ్ళీ మొదలుపెట్టాలా అని అడిగావు. అక్కరలేదు. కొలత బాగానే ఉంది. లెక్కలో మాత్రం గుండును జారే వస్తువుగా తీసుకున్నావు.

ఘర్షణ లేని వాలు మీద జారే వస్తువుకు త్వరణం, వాలు కోణపు సైన్ విలువను (ఎత్తును వాలు పొడవుతో భాగిస్తే వచ్చేదాన్ని) జీతో గుణిస్తే వస్తుంది. దొర్లే గుండు సంగతి వేరు. అది కిందికి దిగుతూ పోగొట్టుకున్న స్థితిశక్తిలో కొంత ముందుకు సాగడానికి పోతే, మిగిలినది తన చుట్టూ తాను తిరగడానికి ఖర్చవుతుంది. చదునైన పలక మీద దొర్లే ఘన గోళానికి జారుడు త్వరణంలో ఏడింట ఐదు వంతులే దక్కుతుంది. ఈ సవరణతో నీ 6.02 కాస్తా 8.43 అవుతుంది. రావలసిన 9.78 కంటే ఇంకా తక్కువే కదా. ఇక్కడే చాలామంది మిగిలిన తేడాను ఘర్షణ ఖాతాలో వేసి చేతులు దులుపుకుంటారు. అలా వేయడానికి నేను ఒప్పుకోను, ఎందుకంటే అసలు కారణం నీ చానల్‌లోనే ఉంది.

గుండు చానల్ అడుగును తాకడం లేదు, దాని రెండు అంచుల మీద కూర్చుని దొర్లుతోంది. లోపలి వెడల్పు 15 మిల్లీమీటర్లు అన్నావు. గుండు వ్యాసార్ధం 12.5, వెడల్పులో సగం 7.5, పైథాగరస్ సూత్రం ప్రకారం గుండు కేంద్రం అంచులకు సరిగ్గా 10 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంటే ఒక చుట్టు తిరిగితే గుండు 12.5 కాక 10 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం సాగినంత దూరమే సాగుతుంది, కనుక అదే వేగానికి మరింత జోరుగా తిరగవలసి వస్తుంది. 12.5 వర్గాన్ని 10 వర్గంతో భాగించి, వచ్చినదాన్ని ఘన గోళాల తిరుగుడుకు వాడే 0.4తో గుణించి, ఒకటి కలిపితే 1.625. దానితో ఒకటిని భాగిస్తే 0.615. ఏడింట ఐదుకు బదులు నీవు వాడవలసిన సంఖ్య ఇది. నీ 6.02ను దీనితో భాగించి చూడు, 9.78 దగ్గరకు వస్తుంది. చెన్నైలో జీ విలువ కూడా అంతే. అయితే ఇంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కూడా ఉందని గ్రహించు; స్టాప్‌వాచ్‌తో అంత కచ్చితత్వం రాదు.

గెలీలియో కూడా గాడి చేసిన దూలం మీదే కంచు గుండును దొర్లించాడు. గాడిలో నున్నని తోలుకాగితం అతికించి, సన్నని ధారగా పడే నీటిని తూచి కాలాన్ని కొలిచినట్టు 1638లో లైడెన్‌లో అచ్చయిన గ్రంథంలో చెప్పాడు. గుండు తిరగడానికి పోయే వంతును ఆయన లెక్కలోకి తీసుకోలేదు, అయినా ఫలితం చెడలేదు. దూరాలు కాలపు వర్గాల నిష్పత్తిలో ఉన్నాయా అన్నదే ఆయన చూసినది. ఆ నిష్పత్తిలో 0.615 అయినా ఏడింట ఐదైనా కొట్టివేతకు పోతుంది. జీ కావాలన్నప్పుడే ఆ వంతు అడ్డు వస్తుంది.

ఇక ముందు తీయబోయే రీడింగుల గురించి. వాలును కోణమానినితో కొలవవద్దు. నీ వాలు మూడు డిగ్రీల లోపే, అర డిగ్రీ పొరబడితే ఫలితంలో ఆరో వంతు తప్పు చేరుతుంది. చానల్ మీద ఒకటిన్నర మీటరు దూరంలో రెండు గుర్తులు పెట్టి వాటి ఎత్తుల తేడా కొలువు. అక్కడ ఒక మిల్లీమీటరు పొరబాటు ఒకటిన్నర శాతం కూడా కాదు. నేల మట్టంగా ఉందని నమ్మవద్దు. హాస్టల్ మేడ మీదైతే వాననీరు పోవడానికి వాలు పెట్టే ఉంటారు. తాపీమేస్త్రులు వాడే నీటిగొట్టంతో మట్టం చూసుకో, చిన్న రసమట్టం కంటే అదే మేలు. చానల్ నడుమ కుంగకుండా ఒక ఆసరా ఉంచి, కొసనుంచి కొసకు దారం బిగించి చూడు. కుంగిన చానల్ మీద త్వరణం ఒకచోట ఉన్నట్టు ఇంకొకచోట ఉండదు.

గుండును వేళ్ళతో వదలకు, తెలియకుండానే తోస్తాము. ముందు అట్టముక్క అడ్డుపెట్టి, దాన్ని వాలు దిశలో చటుక్కున తీసివేయి. ఉక్కు గుండుకు చెన్నై గాలిలో తుప్పు పడుతుంది, కాబట్టి ప్రతిసారీ పొడిగుడ్డతో తుడువు.

కాలం కొలవడమే అన్నిటికన్నా కష్టం. స్టాప్‌వాచ్ నొక్కడంలో పదో వంతు సెకను తేడా వచ్చిందనుకో. 30 సెంటీమీటర్లకు పట్టే 1.41 సెకన్లలో అది ఏడు శాతం, వర్గం చేస్తే పద్నాలుగు శాతం. ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు దొరుకుతాయి గాని, నీ చేతిలోని ఫోను చాలు. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. ట్యూబులైటు కింద తీస్తే బొమ్మ మినుకుమినుకుమంటుంది, వెలుతురు చాలకపోతే కొన్ని ఫోన్లు ఫ్రేముల వేగాన్ని వాటంతట అవే తగ్గించుకుంటాయి. పగటి వెలుగులో తీయి. ఫోనును చానల్ మధ్యభాగానికి ఎదురుగా, వీలైనంత దూరంగా పెట్టు. కొలత టేపు గుండు కేంద్రం ఎత్తులో ఉండాలి.

ప్రతి 96 ఫ్రేములకు, అంటే ప్రతి 0.4 సెకన్లకు, గుండు ఎక్కడుందో వ్రాసుకో. నీ వాలుకు సుమారు 2.4, 9.6, 21.7, 38.5, 60.2 సెంటీమీటర్లు రావాలి. ఒక్కో విరామంలో సాగిన దూరం 2.4, 7.2, 12.0, 16.9, 21.7గా పెరుగుతూ పోతుంది. ఆ పెరుగుదల ప్రతిసారీ 4.8 దగ్గరే ఉంటుంది. గుండు ఏ ఫ్రేములో కదిలిందో సరిగా తెలియకపోయినా ఈ 4.8 మారదు, అందుకే ఈ పద్ధతి నాకు ఇష్టం. విడివిడిగా చూస్తే అవి కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ ఊగుతాయి గనుక అన్నిటి సగటునే తీసుకో. ఆ సగటును 0.4 వర్గంతో భాగిస్తే త్వరణం.

ఒక్క వాలుతో ఆగవద్దు. ఎత్తును 5, 7.5, 10, 12.5 సెంటీమీటర్లుగా మార్చి, త్వరణాన్ని సైన్ విలువకు ఎదురుగా గ్రాఫు గీయి. మరీ నిటారుగా ఎత్తితే గుండు జారడం మొదలుపెడుతుంది, నీ ఎత్తులకు ఆ భయం లేదు. దొర్లుడు ఘర్షణ కొంత ఉంటుంది గనుక గీత సున్నా గుండా పోక, అడ్డ అక్షాన్ని సున్నాకు కాస్త కుడివైపున తాకుతుంది. దాన్ని బలవంతాన సున్నాకు లాగవద్దు. గీత వాలును 0.615తో భాగిస్తే వచ్చే జీలో ఆ ఘర్షణ చాలావరకు తొలగిపోయి ఉంటుంది. చానల్ వెడల్పును మాత్రం వెర్నియర్ కాలిపర్స్‌తో మూడు నాలుగు చోట్ల మళ్ళీ కొలిచి, ఆ అంకెలు గ్రాఫుతోపాటు నాకు పంపు.

ఇట్లు,
తాతయ్య