తిన్నది యాదికుండదు, బతుకమ్మ పాట మాత్రం ఒక్క ముక్క పోదు

ప్రశ్న: మాది దేవరకొండ దిక్కు పల్లె. మా అత్తమ్మకు డెబ్బై దాటినయి. అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే ఇంకా తినలేదంటది, వాడకట్టోళ్లకు కోడలు తిండి పెడ్తలేదని చెప్తది. గదే మనిషి బతుకమ్మ పేర్చమంటే గునుగు, తంగేడు వరస తప్పదు, పాటలన్నీ నోటికే. నన్ను బద్నాం చేసెతందుకు నాటకమా ఇది?

జవాబు: నాటకం కాదమ్మా. చేసి పెట్టినంక గూడ పెట్టలేదనిపించుకునుడు ఎంత బాధో తెలుసు, కానీ ఆమె అబద్ధమాడ్తలేదు. ఇయ్యాల జరిగింది కొత్తగ గుర్తు పెట్టేది మెదడుల హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వస్తే ముందుగాల దెబ్బతినేవాటిల అదొకటి. చేతికి అలవాటైన పని, చిన్నప్పటి సంది పాడిన పాట దాని మీద అంతగా ఆధారపడయి, అందుకే అవి చాన రోజులు నిలుస్తయి. 1953ల అమెరికాల హెన్రీ మొలాయిసన్ అనేటాయనకు మూర్ఛ తగ్గాలని ఆపరేషన్ చేసి ఆ భాగం రెండు పక్కల చాన మట్టుకు తీసేసిన్రు, ఇగ ఆయనకు కొత్త సంగతేదీ యాదికుండకపోయేది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనతోని అద్దంల చూసుకుంట నక్షత్రం బొమ్మ గీయిస్తే రోజురోజుకు తప్పులు తగ్గినయి, కానీ ముందురోజు గీసిన సంగతే ఆయనకు తెల్వదు.

తిండి సంగతి ఇంకా విచిత్రం. చాలు అని చెప్పేది కడుపు ఒక్కటే కాదు, తిన్న యాది గూడ ఉండాలె. 1998ల పాల్ రోజిన్, ఆయన తోటోళ్లు ఇసొంటి మతిమరుపు ఉన్న ఇద్దరికి భోజనమైన పది నుంచి ముప్పై నిమిషాలకే మళ్ల ప్లేట్ పెడ్తే మళ్ల తిన్నరు, మూడోసారి పెట్టినా చాలాసార్లు మొదలువెట్టిన్రు. యాది లేని కాడ మెదడు తనకు తోచిన కారణం అల్లుకుంటది, మీ అత్తమ్మకు మీరు పెట్టలేదనే అనిపిస్తది, ఆమెకు అదే నిజం.

అందుకని 'ఇప్పుడే తిన్నవ్ గదా' అని కొట్లాడకుండ్రి, దాంతోని భయం, కోపం పెరుగుతయి తప్ప యాది రాదు. తిన్న పళ్లెం కాసేపు ఆమె ముందటనే ఉంచుండ్రి, అయినా అడిగితే ఓ జామపండు ముక్కనో, ఇన్ని పేలాలో చేతిల పెట్టుండ్రి. షుగర్ ఉంటే డాక్టర్‌ని అడిగి పెట్టుండ్రి. చిక్కుడుకాయలు తుంచుడు, బియ్యం చెరుగుడు అసొంటి పని ఇయ్యుండ్రి, కూసొని మంచిగ చేస్తది. వాడకట్టోళ్లకు జబ్బు సంగతి మీరే చెప్పుండ్రి, ఇందుల సిగ్గుపడేది ఏం లేదు. ముసలితనమని వదిలేయకుండ నరాల డాక్టర్‌కు చూపెట్టుండ్రి, బీ12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తది, అవి రక్తపరీక్షల దొరుకుతయి, మందులు గూడ ఉన్నయి.