రిసీవర్‌ ఈఎంఐ కంటే ముందు పాత స్పీకర్ వెనక స్టిక్కర్ చూడండి

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను, మా ఆవిడ బట్టలు కుడుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకు 40,000. ఇంటి ఖర్చు 27,000, స్కూటర్ ఈఎంఐ 3,500, లక్ష రూపాయల చీటీకి 5,000 పోతుంది. బ్యాంకులో 1,60,000 ఉంది. జూన్‌లో పిల్లల ఫీజు 16,000 కట్టాలి. పాత హోమ్ థియేటర్ మెషిన్ పోయింది, స్పీకర్లు బాగానే ఉన్నాయి. శ్రీకాకుళం షాపులో 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌తో సౌండ్ ఇచ్చే యాంప్లిఫయర్ పెట్టె) 36,000, పన్నెండు నెలల నో కాస్ట్ ఈఎంఐ. ఆన్‌లైన్‌లో వేరే కంపెనీది 28,500. బరంపురంలో ఒకాయన వాడినది 14,000కి ఇస్తానంటున్నాడు. చీటీ పాడేసి షాపులోదే తీసుకోమంటారా?

జవాబు: చీటీ జోలికి మాత్రం వెళ్లకండి. సగం నెలలు కూడా కాకుండా పాడితే పాట పెద్దగా వెళ్తుంది. 20,000 దగ్గర మీకు పడిందనుకుంటే చేతికొచ్చేది 80,000. ఒక రిసీవర్ కోసం 20,000 వదులుకున్నట్టే. ఆ చీటీని ఫీజులకో, ఇంటి మరమ్మతుకో చివరిదాకా ఉంచుకోండి.

ఇక చేతిలో ఉన్నదెంత? నాలుగు నెలల ఇంటి ఖర్చు, అంటే 1,08,000, ముట్టుకోకూడని సొమ్ము. ఒకరిది ప్రైవేటు ఉద్యోగం, ఇంకొకరిది సీజన్‌ని బట్టి వచ్చే ఆదాయం కాబట్టి ఇంతకంటే తగ్గించలేను. ఫీజు 16,000 పక్కన పెట్టండి. మిగిలింది 36,000. నెలనెలా అన్నీ పోగా మిగిలేది 4,500. మీ బడ్జెట్ ఈ రెండు అంకెలే.

షాపువాళ్ల 36,000 సరిగ్గా సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇబ్బంది పాత స్పీకర్ల దగ్గర వస్తుంది. ఒక స్పీకర్ తిప్పి వెనక స్టిక్కర్ చదవండి. పాత డీవీడీ హోమ్ థియేటర్ సెట్లలో చాలావాటికి 3 ఓమ్‌లు, 4 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. ఓమ్ అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు, అది తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. విడిగా అమ్మే రిసీవర్లు ఎక్కువగా 6 నుంచి 8 ఓమ్‌ల స్పీకర్ల కోసం తయారవుతాయి. 3 ఓమ్‌లది తగిలిస్తే కరెంటు రెట్టింపు దాకా లాగుతుంది. సౌండ్ కాస్త పెంచగానే రిసీవర్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, అంటే తనను తాను కాపాడుకోడానికి, ఆగిపోవచ్చు. అలాగే మొండిగా వాడితే లోపల స్పీకర్లని నడిపే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు. ఆ సెట్ల సబ్‌వూఫర్‌కి (బేస్ సౌండ్ ఇచ్చే పెద్ద స్పీకర్‌కి) సాధారణంగా సొంత పవర్ ఉండదు, పాత మెషిన్ నుంచే తీసుకునేది. రిసీవర్ ఇచ్చేది సిగ్నల్ మాత్రమే కాబట్టి కొత్తదానికి దాన్ని కలిపినా మోగదు. స్టిక్కర్ మీద 6 లేదా 8 ఉంటే మీ అదృష్టం, ముందున్న రెండు స్పీకర్లు వాడుకోండి. లేదంటే స్పీకర్ల ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి. అప్పుడు 36,000 రిసీవర్‌కే పోస్తే మోగించడానికి ఏమీ మిగలదు.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా శాతం వడ్డీ పథకాలు పెట్టొద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. అందుకే ఇప్పుడు వడ్డీ అలాగే ఉంటుంది, అంత మేరకు ధరలో డిస్కౌంట్ చూపిస్తారు. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 3,000 చొప్పున కట్టే 36,000లో సుమారు 2,760 వడ్డీయే. క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ దాదాపు 500 మీ జేబులోంచే పోతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని జీఎస్టీతో కలిపి 235. షాపతన్ని ఒక్కటే అడగండి: ‘రొక్కం ఇస్తే ఎంతకిస్తారు?’ అతను తగ్గించే మొత్తానికి ఈ జీఎస్టీ, ఫీజు కలిపితే అదే ఈఎంఐ అసలు ఖర్చు. ఆపైన ఈ 3,000 కట్టాక మీకు నెలకు మిగిలేది 1,500. ఒక్క జ్వరం, ఒక్క పెళ్లి కానుక చాలు, అది కార్డు మీదికి ఎక్కడానికి. కార్డు బాకీకి నెలకు 3 శాతం పైనే వడ్డీ.

36,000 దానికి 145 వాట్లు, 28,500 దానికి 70 వాట్లు అని ఉంటే కంగారు పడకండి. కింద సన్న అక్షరాలు చదవండి. పెద్ద అంకె సాధారణంగా ఒకే చానల్ (ఒక స్పీకర్‌కి వెళ్లే దారి) మోగిస్తూ, ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే సౌండ్ అంత మేర చెడినా సరే అని కొలిచింది. చిన్న అంకె రెండు చానళ్లతో, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, ఒక శాతంలో పదో వంతు లోపు డిస్టార్షన్‌తో కొలిచింది. రెండూ దాదాపు ఒకే శక్తి కావచ్చు. నిజంగానే వాట్లు రెట్టింపు అయినా పెరిగేది 3 డెసిబెల్సే. స్పీకర్ సెన్సిటివిటీ (అదే కరెంటుకి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 86 డెసిబెల్స్ బదులు 89 ఉన్నది ఎంచుకుంటే అదే లాభం పైసా కరెంటు ఎక్కువ కాకుండా వస్తుంది. డబ్బు స్పీకర్ వైపు పెట్టమనేది అందుకే. అట్మాస్ (పైనుంచి కూడా సౌండ్ వచ్చే పద్ధతి), ఏడు చానళ్లు మీ హాలుకి ఇప్పట్లో వద్దు.

బరంపురం బేరం చెడ్డదని చెప్పను. కానీ పాత రిసీవర్లలో తరచూ పోయేది హెచ్‌డీఎంఐ బోర్డు, దాన్ని మీ ఊళ్లో మార్చేవాళ్లు దొరకడం కష్టం. వెళ్తే ఫైర్‌స్టిక్ (టీవీకి పెట్టి ఆన్‌లైన్ సినిమాలు చూసే స్టిక్) పట్టుకెళ్లి ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టులోనూ పెట్టి చూడండి, ప్రతి చానల్ విడిగా మోగించండి, అరగంట ఆన్‌లో ఉంచండి. వెనక ‘ఏసీ 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్’ అని ఉంటే అది అమెరికా నుంచి వచ్చింది, మన 230 వోల్టులకి నేరుగా పెడితే కాలిపోతుంది. 2014కి ముందు మోడల్ అయితే స్టిక్ ఇచ్చే 4కే బొమ్మ దాని గుండా వెళ్లకపోవచ్చు. అలాంటప్పుడు స్టిక్ టీవీకే పెట్టి, సౌండ్ మాత్రం ఏఆర్‌సీ (టీవీ సౌండ్‌ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే రిసీవర్‌కి వెనక్కి పంపే ఏర్పాటు) ద్వారానో ఆప్టికల్ వైరుతోనో రిసీవర్‌కి తెచ్చుకోవచ్చు.

నా సలహా 28,500 దే. ఒక్క నెల ఆగండి, 36,000 కాస్తా 40,500 అవుతుంది. రిసీవర్ 28,500. ముందు పెట్టే బుక్‌షెల్ఫ్ స్పీకర్ల (అరలో పట్టే చిన్నవాటి) జత 8,500 లోపు, 6 లేదా 8 ఓమ్‌లది. వైరుకి 1,000, హెచ్‌డీఎంఐ కేబుల్‌కి 500. మిగిలిన 2,000 స్టెబిలైజర్‌కి. దీన్ని వదిలేయొద్దు. వేసవి గాలివానల్లో కరెంటు పోయి వచ్చేటప్పుడు కొట్టే వోల్టేజీకి ముందు పోయేది ఇలాంటి సామానే. టీవీ, రిసీవర్, తర్వాత కొనే సబ్‌వూఫర్, ఈ మూడింటి వాట్లూ కూడి, దానికి సగం కలిపి ఆ కెపాసిటీది తీసుకోండి. పిడుగులు పడుతుంటే ప్లగ్ పీకేయడమే మార్గం.

కొనేముందు కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పండి. రిపేరు ఇంటికొచ్చి చేస్తారా, మనమే మోసుకెళ్లాలా, వెళ్తే బరంపురమా విశాఖా అని అడగండి. సీరియల్ నంబరున్న జీఎస్టీ బిల్లు, ఇండియా వారంటీ ఉంటే ఏ రాష్ట్రంలో కొన్నా ఫర్వాలేదు. డబ్బా, థర్మోకోల్ అటక మీద దాచండి, బస్సులో పంపాల్సి వస్తే అవే కాపాడతాయి.

రెండు స్పీకర్లతో సినిమా చూడొచ్చా? హాయిగా చూడొచ్చు. రిసీవర్ మెనూలో సెంటర్, సరౌండ్, సబ్‌వూఫర్ మూడింటికీ ‘లేదు’ అని, ముందు స్పీకర్లని ‘లార్జ్’ అని పెట్టండి. మాటలు రెండు స్పీకర్ల మధ్యలోంచి వచ్చినట్టే వినిపిస్తాయి. తర్వాతి రెండు నెలల 9,000 సొంత పవరున్న సబ్‌వూఫర్‌కి పెట్టండి. అది వచ్చాక ముందువాటిని ‘స్మాల్’ చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్ ఇవ్వండి, అంటే దానికి కింది బేస్ అంతా సబ్‌వూఫర్‌కి వెళ్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు దివాన్ మీద పక్కకి కూర్చుని చూసేవాళ్లయితే మాత్రం ముందు సెంటర్ స్పీకరే కొనండి, వాళ్లకి డైలాగ్ స్పష్టంగా అందాలి. వెనకవి ఆఖర్న.

వైరు రాగిదే తీసుకోండి, 1.5 చదరపు మిల్లీమీటర్లది. పది మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి 0.24 ఓమ్ దాకా అడ్డు పడుతుంది, 6 ఓమ్‌ల స్పీకర్‌కి అది 5 శాతం లోపే. అంతకు మించిన దూరమైతే 2.5 వేయండి. చవకగా ఇచ్చేవాటిలో అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది, కొస గీకితే తెల్లగా కనపడుతుంది. బిగించేటప్పుడు ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలినా రిసీవర్ ఆగిపోతుంది, కాబట్టి కొసలు గట్టిగా మెలిపెట్టి దూర్చండి.

రిసీవర్‌ని షోకేస్ అరలో బిగించేయకండి, పైన కనీసం నాలుగు అంగుళాల ఖాళీ కావాలి. అంతా కలిపాక కూడా 5.1 రాకుండా స్టీరియోయే వస్తుంటే సర్వీసు వాళ్లని పిలవకండి. సౌండ్ టీవీ నుంచి ఏఆర్‌సీ ద్వారా వస్తుంటే, టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ‘పీసీఎం’లో (అక్కడ రెండు చానళ్లే వస్తాయి) ఉండిపోయి ఉండొచ్చు. దాన్ని ‘ఆటో’కో ‘బిట్‌స్ట్రీమ్’కో మార్చి, హెచ్‌డీఎంఐ సీఈసీ (టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపించుకునే సెట్టింగ్) ఆన్ చేసి, కేబుల్ టీవీలో ‘ఏఆర్‌సీ’ అని రాసి ఉన్న పోర్టులోనే ఉందో లేదో చూడండి.