కార్బొరేటర్ స్క్రూ ఎటు, ఎంత తిప్పాలి?

ప్రశ్న: మాది 2014 మోడల్ 100 సీసీ బండి. మైలేజీ పెరుగుతుందని మెకానిక్ మిక్చర్ స్క్రూ తిప్పాడు. అప్పట్నుంచీ సిగ్నల్ దగ్గర ఆగితే ఆఫ్ అయిపోతోంది, ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్ టపటపమంటోంది. ఇంట్లో సరిచేసుకోవచ్చా?
– ఓ పాఠకుడు, సూర్యాపేట

జవాబు: చేసుకోవచ్చు. మీ ఇంజిన్‌కు గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైంది. గాలి, పెట్రోలు పాళ్లు సరిచేసే ఆ స్క్రూ పనిచేసేది ఐడిలింగ్‌లోనూ (బండి ఆగి ఇంజిన్ తిరిగేటప్పుడు), ఎక్సలేటర్ పావు వంతు తిప్పేదాకానూ మాత్రమే. రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు పెట్రోలు ఇచ్చేది కార్బొరేటర్ లోపలి నీడిల్ (సూది), మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే పెద్ద రంధ్రం). అందుకే మైలేజీ కోసం దీన్ని తిప్పించుకోవడం శుద్ధ దండగ. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఒట్టి పెట్రోలు కిలో మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, దీనికి 13.5 చాలు. అంటే పాత జెట్లతో మిశ్రమం ముందే కాస్త పలచబడి ఉంది, దాన్నింకా పలచన చేయకూడదు.

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, టాపెట్లు (వాల్వుల సందు) బాగున్నాయని చూసుకున్నాకే స్క్రూ ముట్టుకోండి. బండిని పది నిమిషాలు నడిపి, చోక్ పూర్తిగా ఆఫ్ చేసి, ఆరుబయట నిలపండి. మూసిన గదిలో వద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

చాలామంది పొరబడేది స్క్రూ ఉన్న చోటు దగ్గరే. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ: బిగిస్తే పెట్రోలు వాటా పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ: వదులు చేస్తేనే పెరుగుతుంది.

ఇంజిన్ ఆపి, ఎన్ని చుట్లో లెక్కపెడుతూ మెల్లగా చివరిదాకా బిగించి, ఆ లెక్క రాసిపెట్టుకోండి. ఆనగానే ఆపేయాలి. గట్టిగా బిగిస్తే స్క్రూ మొన అరిగి, కూర్చునే చోటు దెబ్బతింటుంది, ఆ తర్వాత ఏ సెట్టింగూ నిలవదు. అక్కణ్నుంచి చుట్టున్నర వదలండి. స్టార్ట్ చేసి, ఐడిల్ స్క్రూతో (ఐడిలింగ్ వేగం మార్చే వేరే స్క్రూ) రేస్ కొంచెం పెంచండి. మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పి, ప్రతిసారీ పది సెకన్లు ఆగి వినండి. ఇంజిన్ అన్నిటికన్నా వేగంగా, నిలకడగా తిరిగే చోట వదిలేసి, ఐడిల్‌ను మాన్యువల్లో చెప్పిన వేగానికి దించండి. ఇప్పుడు ఎక్సలేటర్ ఠక్కున తిప్పితే ఇంజిన్ తడబడకూడదు. తడబడితే పెట్రోలు వైపు ఇంకో ఎనిమిదో వంతు చుట్టు.

ఎంత తిప్పినా శబ్దం మారకపోతే పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోలు ఇచ్చే చిన్న రంధ్రం) మూసుకుపోయినట్టే. విప్పి కార్బ్ క్లీనర్‌తో కడిగి గాలి కొట్టించండి. తీగ పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. టపటప ఒక్కటే పోకపోతే సైలెన్సర్ గాస్కెట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడండి.

ప్రశ్న: నెలన్నర ఊరెళ్లొచ్చాక బండి స్టార్ట్ కావట్లేదు. ఇదీ మిక్చర్ సమస్యేనా?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: స్క్రూ జోలికి పోకండి. కార్బొరేటర్ గిన్నెలో నిలవున్న పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి పాతది వంపేసి, కొత్త పెట్రోలు రానివ్వండి. ఇకపై నెల దాటి నిలిపేటప్పుడు ట్యాంకు కాక్ కట్టి, గిన్నె ఖాళీ చేసి వెళ్లండి.

ప్రశ్న: నాది 2021 మోడల్. మిక్చర్ స్క్రూ ఎక్కడుంది?
– ఓ విద్యార్థి, కర్నూలు

జవాబు: చాలావరకు ఉండదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక దాదాపు అన్ని బళ్లకూ కార్బొరేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్‌ను చూసుకుని కంప్యూటరే పెట్రోలు కొలుస్తుంది. మీరు చేయగలిగింది ఫిల్టర్, ప్లగ్గు మార్చడమే. మీటరులో ఇంజిన్ లైటు వెలిగితే సర్వీస్ సెంటర్లో లోపం కోడ్ చదివించండి.