సీసం పట్టిన ఎకరంలో జీలుగ చల్లే ముందు

చి. ప్రసన్నకు పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు పంపిన వీడియో చూశాను. పప్పుజాతి మొక్క వేస్తే చాలు, దాని వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా నేలలోని సీసాన్నంతా లాగేస్తుందని అందులో మాట్లాడినాయన చెబుతున్నాడు. అందులో సగమే నిజం. ఆ సగం నీకు బాగా పనికొస్తుంది, కానీ ఆయన చెప్పిన పనికి కాదు. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన షెడ్డు ఆ ఎకరం పక్కనే ఉండేదని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసిందన్నావు. అయిందేదో అయింది, ఇప్పుడు చేయాల్సింది చూద్దాం.

ముందు ఒక లెక్క వేసుకో. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో కిలోకి 500 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుంటే మొత్తం 450 కిలోలు. పప్పుజాతి పచ్చిరొట్ట పైరైన జీలుగ ఎండుబరువు ఎకరానికి 2 టన్నులు వచ్చి, ఆకులోనూ కాండంలోనూ కిలోకి 50 మిల్లీగ్రాములు చేరిందనుకుందాం. పంటంతా కోసి బయటికి మోస్తే పోయేది 100 గ్రాములు. అలాంటివి 4,500 పంటలు తీయాలి! ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన 1852 నుంచి ఏటా రెండు పంటలు కోసుకుంటూ వచ్చినా ఈపాటికి పదో వంతు సీసం కూడా పోయేది కాదు. కాడ్మియం, జింకు అయితే మొక్కలోకి కాస్త తేలిగ్గా ఎక్కుతాయి. సీసం అలా కాదు. మన డెల్టా బంకమట్టిని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది, వేరులోకి వెళ్లిందాంట్లోనూ చాలా భాగం వేరులోనే ఆగిపోతుంది.

కాబట్టి సీసాన్ని తీసేయాలన్న ఆలోచన వదిలెయ్. ఉన్నచోటనే కట్టిపడేయాలి. దాంతో వచ్చే ప్రమాదం ఎక్కువగా దుమ్ములోనూ, వాననీటితో కొట్టుకుపోయే మట్టిలోనూ ఉంది. ఎండాకాలం గాలికి లేచి పిల్లల చేతులకీ నోటికీ చేరుతుంది. వానాకాలం బోదెలో పడి, అక్కణ్ణుంచి డ్రెయిన్లోకీ, కింది చేలల్లోకీ పోతుంది. నేల పచ్చగా కప్పేసి ఉంటే ఈ రెండూ తగ్గిపోతాయి. కానీ అలాంటి నేలలో గడ్డి కూడా సరిగా మొలవదు, నత్రజని ఉండదు, సేంద్రియ పదార్థం ఉండదు. పప్పుజాతి మొక్క విలువ ఇక్కడే తెలుస్తుంది. తన నత్రజని తనే గాల్లోంచి తెచ్చుకుంటుంది, వేళ్లతో మట్టిని పట్టి ఉంచుతుంది. బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియాలో లోహాలకు తట్టుకునే రకాలున్నాయి. లోపలికి వచ్చిన లోహాన్ని అవి బయటికి తోసేస్తాయి, ఒంటి చుట్టూ ఉన్న జిగురుకి కొంత అంటించుకుంటాయి. స్పెయిన్‌లో అజ్నల్‌కోయార్ గని కట్ట 1998లో తెగి విషపు బురద పొలాల మీద పడింది. తర్వాత ఆ నేలలో పసుపు లూపిన్ అనే పప్పుజాతి మొక్కని, లోహాలకు తట్టుకునే బ్యాక్టీరియా పట్టించి పెంచి చూశారు. మొక్క బాగా ఎదిగింది, లోహాలు ఎక్కువగా వేళ్లలోనే నిలిచాయి. మనకి కావలసింది అదే. మన గట్ల మీద కనిపించే అత్తిపత్తీ పప్పుజాతే; తైవాన్‌లో దానికి దాని బుడిపెల బ్యాక్టీరియా పట్టిస్తే సీసం, రాగి, కాడ్మియం ఇంకా ఎక్కువగా తీసుకుంది. వీడియో ఆయన ఇలాంటిదేదో చదివే ఉంటాడు. పైన వేసిన లెక్క మాత్రం వేసి ఉండడు.

జీలుగ విత్తనాల మాట తర్వాత, ముందు మట్టి పరీక్ష. మామూలుగా మనం మార్టేరు వైపో, మండల కేంద్రానికో పంపే శాంపిల్‌లో సీసం చూడరు. మొత్తం సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, రాగి కావాలని విడిగా అడిగి, లోహాల్ని కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ లాంటి పరికరం ఉన్న ల్యాబ్‌కి పంపించు. షెడ్డు వైపు ఒక శాంపిల్, మధ్యలో ఒకటి, దూరపు మూల ఒకటి, అన్నీ వేరువేరు కవర్లలో పెట్టు, కలపొద్దు. అంకె ఎంతుంటే భయపడాలి అంటావేమో. అమెరికాలో ఇళ్ల స్థలాలకి చాలాకాలం కిలోకి 400 మిల్లీగ్రాములన్నారు, 2024లో దాన్ని 200కి దించారు. ఆ బోరునీళ్లు కూడా ఓసారి చూపించు. బ్యాటరీ ప్లేట్ల ముక్కలు, సీసం కరిగించగా మిగిలిన చిట్టెం గడ్డలు కంటికి కనిపిస్తుంటే వాటికి ఏ మొక్కా మందు కాదు. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లకి చెప్పి అనుమతి ఉన్నవాళ్ల చేత తీయించు. కూలివాళ్ల చేత ఏరించి పాతసామాన్ల కొట్టుకి అమ్మించకు.

బ్యాటరీలో యాసిడ్ ఉంటుంది కాబట్టి పీహెచ్ (నేల పులుపు చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపెక్కువ) తప్పక చూడు. నేల పులిసిపోయి ఉంటే సీసం కరిగి కదులుతుంది, రైజోబియం కూడా బతకదు. సున్నం వేసి పీహెచ్‌ని ఆరున్నర, ఏడుకి తెచ్చాకే విత్తనం. ఇంకో సంగతి వీడియోలో చెప్పలేదు. పప్పుజాతి మొక్క గాల్లోని నత్రజని మీద బతుకుతున్నప్పుడు వేళ్ల దగ్గర ఆమ్లం వదులుతుంది. అంటే మొక్కే నెమ్మదిగా నేలని మళ్లీ పులిపిస్తుంది. అందుకని ఏడాదికోసారి పీహెచ్ చూసుకుంటూ ఉండాలి.

సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువు సీసంతో కలిసి దాన్ని కరగని ఖనిజంగా మారుస్తుంది. చాలా మంచి ఉపాయం. కానీ పాత బ్యాటరీ ప్లేట్లలో సీసంతో పాటు యాంటిమొనీ, కొద్దిగా ఆర్సెనిక్ కలిపేవాళ్లు. భాస్వరం వేస్తే మట్టికి అంటుకున్న ఆర్సెనిక్ ఊడి నీళ్లలోకి వస్తుంది. ఒకదానికి మందు రెండోదానికి విషం అన్నమాట.

గుంటలు పూడ్చడానికి చేపల చెరువు మట్టి తోలిస్తానన్నావు. నాచు పోవడానికి ఏళ్ల తరబడి మైలుతుత్తం కొట్టిన చెరువైతే దాని అడుగు మట్టిలో రాగి ఉంటుంది, రైజోబియానికి రాగి అంటే పడదు. పరీక్ష చేయించకుండా ఒక్క ట్రాక్టరు కూడా దింపించకు.

ఇక మొక్క. నా ఓటు జీలుగకే. నీళ్లు నిలిచినా తట్టుకుంటుంది, వరద రోజుల్లో మన నేలకి అది ముఖ్యం. జనుము అలా నిలవదు. పిల్లిపెసర వద్దు, పశువులు దాన్ని వదలవు. ఏది వేసినా ఆ మేత గేదె నోట్లోకి వెళ్లకూడదు. గేదె తింటే నీ పాలగ్లాసులోకే వస్తుంది. కంచె ఇప్పుడే వేయించు. షెడ్డు వైపు గట్టు మీద కానుగ వరసగా పెట్టు. అదీ బుడిపెలు వేసే జాతే, మేకలు పెద్దగా ముట్టుకోవు, గింజల నూనె ఎవరూ తినరు. సుబాబుల్ పెడితే మేకలు కొట్టుకోవడం ఖాయం. (సరుగుడుకీ వేళ్లలో బుడిపెలుంటాయి కానీ అది పప్పుజాతి కాదు, అందులో ఉండేది వేరే బ్యాక్టీరియా. ఎవరైనా సలహా ఇస్తే గుర్తుపెట్టుకో.)

కొట్లో రైజోబియం ప్యాకెట్ తీసుకునేటప్పుడు ఏ పంటకో చూడు. మినుముకీ పెసరకీ ఇచ్చేది జీలుగకి పనిచేస్తుందనుకోకు. పట్టించే పద్ధతి నీకు తెలిసిందే, బెల్లం నీళ్లు కాచి చల్లార్చి, విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి, సాయంత్రం చల్లడం. తెగుళ్ల మందు పట్టించిన విత్తనం మీద దీన్ని కలపకు, బ్యాక్టీరియా చస్తుంది. అయినా ఆ ప్యాకెట్‌లోది సీసం నేలలో బతుకుతుందని నమ్మకం లేదు. నీ ఎకరంలోనే ఎక్కడో ఒకచోట తనంతట తాను మొలిచి పచ్చగా ఉన్న జీలుగ మొక్క ఉంటే, దాని బుడిపెల్లో ఉన్నది ఆ నేలకి అలవాటు పడినది. వ్యవసాయ కాలేజీ మైక్రోబయాలజీ వాళ్లు ఆ బుడిపెల్లోంచి బ్యాక్టీరియాని వేరుచేసి, సీసం కలిపిన ల్యాబ్ పళ్లేల్లో పెంచి, తట్టుకునేదాన్ని ఎంచి ఇవ్వగలరు. అంత కుదరకపోతే ఆ మొక్కల మొదళ్ల దగ్గరి మట్టి తట్టెడు తెచ్చి విత్తనంతో పాటు చల్లు. ఆ ఎకరం దాటి మాత్రం ఆ మట్టి తీసుకెళ్లకు.

బుడిపెలు కనిపించగానే సంబరపడొద్దు, పూతకి ముందు కొన్ని మొక్కలు పీకి బుడిపె కోసి చూడు. లోపల గులాబీ రంగుంటే నత్రజని తయారవుతోంది. తెల్లగా ఉంటే ఉత్తుత్తి బుడిపె. ఇంగ్లండులో వోబర్న్ దగ్గర ఒక పొలంలో 1942 నుంచి 1961 దాకా నగరపు మురుగు మడ్డిని ఎరువుగా వేశారు. ఆపేసి ఇరవై ఏళ్లు దాటాక చూస్తే క్లోవర్ అనే పప్పుజాతి మేత మొక్కకి బుడిపెలున్నాయి కానీ నత్రజని లేదు. మడ్డిలోని లోహాలకు పనిచేసే రైజోబియం రకాలు నశించి, పనికిరానిది మిగిలింది. మొక్క కన్నా ముందు దెబ్బ తినేది బ్యాక్టీరియానే.

ఇక్కడ మన అలవాటుకి విరుద్ధంగా ఒకటి చేయాలి. సార్వాకి ముందు జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నడం మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ ఎకరంలో దున్నొద్దు. దున్నితే కట్టిపడేసిన మట్టి మళ్లీ తెరుచుకుంటుంది, పచ్చిరొట్ట కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు కొంత లోహాన్ని కదిలిస్తాయి. కొడవలితో పైభాగం కోసి అక్కడే పరిచెయ్, వేళ్లు నేలలోనే ఉండనీ. ఎండిన దంట్లు కాల్చొద్దు, పొయ్యిలోకి తేవద్దు. పనిచేసేవాళ్లకి మాస్కు ఇవ్వు, చెప్పులు గట్టు మీదే విడిపించు. నీ చిన్నదాన్ని అటు తీసుకెళ్లకు.

ఆకుకూరల తోట ఆలోచన మాత్రం మానుకో. తోటకూర, గోంగూర మీద దుమ్ము పడుతుంది, ముల్లంగి మట్టిలోనే ఊరుతుంది. నేల బాగుపడ్డా అవి వేయొద్దనే అంటాను. వరి కూడా వద్దు. కాడ్మియం ఉంటే మడి ఆరగట్టినప్పుడు, ఆర్సెనిక్ ఉంటే నీళ్లు పెట్టినప్పుడు గింజలోకి ఎక్కుతుంది. రెండూ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

తొలకరి లోపల గట్లు ఎత్తు చేయించు, లేకపోతే మొదటి పెద్దవానకే మట్టి బోదెలో పడుతుంది. సున్నం కూడా ఈలోపే వేయించు. ఆర్సెనిక్ అంకె రాగానే నాకు ఫోన్ చెయ్, అది వచ్చేదాకా సూపర్ బస్తా విప్పకు.

ఇట్లు
మీ పెదనాన్న