ఫేషియల్ కప్పింగ్‌తో ముఖం మీద మచ్చలు పడ్డాయి: అమ్మినవాళ్ల మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: "స్కిన్ ఎక్స్‌పర్ట్" అని చెప్పుకునే ఒకావిడ రీల్ చూసి, ఆవిడ ఇచ్చిన డిస్కౌంట్ కోడ్‌తో ఫేషియల్ కప్పింగ్ సెట్ (ముఖానికి పెట్టి చర్మాన్ని పైకి లాగే కప్పులు) ఆన్‌లైన్‌లో 749 రూపాయలకు కొన్నాను. ముడతలు పోతాయని, సైనస్ తగ్గుతుందని, ముఖ పక్షవాతానికి కూడా పనిచేస్తుందని ప్రకటనలో రాశారు. డబ్బాలో నాలుగు సిలికాన్ కప్పులు ఉన్నాయి గానీ వాడే విధానం కాగితం లేదు. మొదటి వారం నాకేమీ కాలేదు. ఆ వారంలోనే మా ఆడపడుచు కూతురు తన నిశ్చితార్థానికి ముందు అడిగితే తనకూ చేశాను. మర్నాటికి తన బుగ్గల మీద గుండ్రంగా ఊదారంగు మచ్చలు తేలాయి. తర్వాత నాకు కూడా కంటి కింద అలాగే వచ్చాయి. నావి నల్లబడి రెండు నెలలైనా పోలేదు. వాపస్ తీసుకోమంటే, శుభ్రతకు సంబంధించిన వస్తువు తెరిచాక రిటర్న్ లేదన్నారు. అటు మా ఆడపడుచు వాళ్లు నా మీద పోలీసు కేసు పెడతామంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందుగా పోలీసు కేసు భయం సంగతి చూద్దాం. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే కదా.

మీరు ఆ అమ్మాయి దగ్గర డబ్బు తీసుకోలేదు, తను అడిగితేనే చేశారు. ఉచితంగా చేసిన పని వినియోగదారుల చట్టం కింద "సేవ" కాదు కాబట్టి సేవాలోపం అంటూ మీ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలు లేదు. ఇక వాళ్లు అంటున్న క్రిమినల్ కేసు సంగతి. నిర్లక్ష్యంగా ప్రవర్తించి ఎదుటివారికి గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 125వ సెక్షన్ వర్తిస్తుంది. మామూలు గాయమైతే ఆరు నెలల వరకు జైలు లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. ఇది బెయిల్ ఇవ్వదగ్గ నేరమే. ముఖం శాశ్వతంగా వికృతమైతే మాత్రం 116వ సెక్షన్ ప్రకారం అది తీవ్ర గాయం కిందికి వస్తుంది, శిక్ష పెరుగుతుంది. కమిలిన మచ్చ శాశ్వత వికృతి కాదు. ఆ మాట చెప్పాల్సింది మాత్రం చర్మవైద్యులు, మీరో నేనో కాదు.

మీకు అండగా నిలిచేది 26వ సెక్షన్. ఎదుటి మనిషి సమ్మతితో, వారి మేలు కోరి, సద్భావంతో చేసిన పనివల్ల హాని జరిగితే అది నేరం కాదని ఆ సెక్షన్ చెబుతోంది. అయితే చట్టం దృష్టిలో మనసు మంచిదైనంత మాత్రాన సద్భావం అయిపోదు, తగిన జాగ్రత్త కూడా తీసుకుని ఉండాలి. అందుకే మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన వాక్యం "మొదటి వారం నాకేమీ కాలేదు" అన్నది. మీకు మచ్చలు వచ్చాక కూడా ఆ అమ్మాయికి చేసి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. తను అడిగిన వాట్సాప్ మెసేజ్‌లు, చేసిన రోజు తేదీ, మీకు మచ్చలు వచ్చాక తీసుకున్న మొదటి ఫొటో, వీటిలో ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్ వస్తే వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పండి. స్టేట్‌మెంట్ ఇచ్చే ముందు మీ ఊళ్లో ఒక న్యాయవాదిని సంప్రదించండి.

ఇక కంపెనీ సంగతికి వద్దాం. మీ చేతిలో గట్టి పాయింట్ ఉంది, కానీ అది మీరు అనుకుంటున్నది కాకపోవచ్చు. "ముడతలు పోతాయన్నారు, పోలేదు" అనే వాదన ఒక్కటే పట్టుకుంటే అవతలి లాయరు "రెండు నెలలు క్రమంగా వాడితే పోయేవి" అంటాడు. మీ కేసుకు ఆయువుపట్టు డబ్బాలో లేని ఆ కాగితం.

కప్పు ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. కప్పు నొక్కి వదిలితే లోపల గాలి తగ్గి, ఆ ఖాళీ చర్మాన్ని పైకి లాగుతుంది. ఆ లాగుడు ఎక్కువైనా, ఒకేచోట ఎక్కువసేపు ఉంచినా చర్మం కింది సన్నని రక్తనాళాలు చిట్లి, రక్తం చర్మం కిందికి చేరి మచ్చగా కనిపిస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ప్రపంచమంతా చూసిన గుండ్రటి మచ్చలు ఇవే. ముఖానికి వాడేటప్పుడు నూనె రాసుకుని, కప్పును ఒకచోట ఆపకుండా జరుపుతూ ఉండాలంటారు. కంటి కింద చర్మం మరీ పల్చన. రక్తం పల్చబడే మందులు వేసుకునేవారు, మొటిమలు పచ్చిగా ఉన్నవారు దీని జోలికే పోకూడదు. కమిలిన మచ్చ సాధారణంగా ఒకటి రెండు వారాల్లో మాసిపోతుంది. కానీ మన చామనఛాయ చర్మానికి దెబ్బ తగిలిన చోట నలుపు మిగిలితే నెలల తరబడి ఉండిపోవచ్చు. కొనేవారికి ఇవన్నీ ముందే చెప్పాలి. మీకు ఎవరూ చెప్పలేదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో "ఉత్పత్తి బాధ్యత" అని ఒక అధ్యాయమే ఉంది. హాని జరగకుండా సరిగ్గా వాడే విధానం గానీ, తప్పుగా వాడితే వచ్చే ప్రమాదం గురించి హెచ్చరిక గానీ తగినంతగా ఇవ్వకపోతే తయారీదారు బాధ్యుడని 84వ సెక్షన్ చెబుతోంది. వస్తువు బాగానే తయారై ఉన్నా, ఈ ఒక్క లోపం చాలు. అవతలివారు 87వ సెక్షన్ పట్టుకుని, అందరికీ తెలిసిన ప్రమాదమేనని, మీరే దుర్వినియోగం చేశారని వాదిస్తారు. ముఖం మీద సిలికాన్ కప్పు పెడితే రక్తనాళాలు చిట్లుతాయని సామాన్యులకు తెలిసిన విషయమేనని కమిషన్ ఒప్పుకుంటుందని నేను అనుకోను. అయితే ఒక పని చేయండి. డబ్బా అడుగున క్యూఆర్ కోడ్ గానీ, అమ్మకం పేజీలో సూచనలు గానీ ఉన్నాయేమో వెతకండి. అక్కడ "ఒకేచోట ఉంచకండి, కంటి కింద వాడకండి" అని రాసి ఉంటే మీ కేసు బాగా బలహీనపడుతుంది. ఆ సంగతి నోటీసు పంపకముందే మనకు తెలియాలి.

డబ్బా మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా ఉన్నాయా? ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 ప్రకారం అవి, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండి తీరాలి. విదేశీ సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. లేకపోతే తూనికలు కొలతల శాఖకు విడిగా ఫిర్యాదు చేయొచ్చు. దానివల్ల మీకు ఇంకో మేలు కూడా ఉంది. తయారీదారు ఎవరో తెలియకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్ కింద ఆ బాధ్యత అమ్మినవాడి మీదే పడుతుంది.

"తెరిస్తే రిటర్న్ లేదు" అన్న మాటకు భయపడకండి. మనసు మారి వాపస్ ఇస్తామంటే ఆ షరతు చెల్లుతుందేమో గానీ, వస్తువు లోపభూయిష్టమైనా, ప్రకటనలో చెప్పిన గుణాలు లేకపోయినా వాపస్ తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అమ్మిన సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు ఉండాలి. ఆయన మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. కస్టమర్ కేర్ చాట్‌తో సరిపెట్టుకోకుండా ఆ అధికారికే ఈమెయిల్ రాయండి. తర్వాత 1915 నంబరుకు ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. 749 రూపాయలు చాలాసార్లు ఈ దశలోనే తిరిగి వస్తాయి. వాళ్లు "పూర్తి పరిష్కారంగా స్వీకరిస్తున్నాను" అని రాసివ్వమంటే మాత్రం ఒప్పుకోకండి. అలా రాసిస్తే నష్టపరిహారం అడిగే దారి మూసుకుపోతుంది.

రీల్ చేసిన ఆవిడ విషయం. డబ్బు గానీ మరే లాభం గానీ పొంది ప్రచారం చేసేవాళ్లు ఆ సంబంధాన్ని స్పష్టంగా చెప్పాలి. ఆరోగ్య విషయాల్లో నిపుణులమని చెప్పుకుంటూ మాట్లాడే ఇన్‌ఫ్లూయెన్సర్లు, తమ మాట వైద్య సలహాకు ప్రత్యామ్నాయం కాదని తెలియజేయాలని 2023 ఆగస్టులో కేంద్రం అదనపు మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయొచ్చు. ఈ ఫిర్యాదు జిల్లా కలెక్టర్‌కు కూడా ఇవ్వొచ్చు. ఆ జరిమానా మీకు రాదు, ప్రభుత్వానికి వెళుతుంది. అయినా ఫిర్యాదు చేయమనే చెబుతాను, ఆ రీల్ చూసి ఇంకెందరు ఆడపిల్లలు కొంటున్నారో కదా! ఒక్క జాగ్రత్త: కోపంలో రీల్ కింద "దొంగ", "మోసగత్తె" అని రాయకండి. పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది. మీకు జరిగింది, మీ ఫొటోతో సహా, ఉన్నదున్నట్టు రాయడంలో తప్పు లేదు.

ముఖ పక్షవాతానికి పనిచేస్తుందన్న మాట మామూలు అతిశయోక్తి కాదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులకు చికిత్స అని ప్రకటనలు ఇవ్వడాన్ని నిషేధించింది. ఆ జాబితాలో పక్షవాతం ఉంది. ఆ చట్టంలో "డ్రగ్" అంటే మాత్రలూ టానిక్కులే కాదు, శరీర నిర్మాణం మీద ప్రభావం చూపడానికి ఉద్దేశించిన వస్తువులు కూడా. ఆ ప్రకటన స్క్రీన్‌షాట్ జతచేసి మీ జిల్లా డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వండి. దాని రసీదు కాపీ మీ కేసు ఫైల్లో ఉంటే కమిషన్ ముందు బలంగా ఉంటుంది.

నష్టపరిహారానికి మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లాలి. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫరవాలేదు, మీరు నివసించే జిల్లాలోనే వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఇప్పుడు ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. చట్టం మూడు నెలల్లో తేల్చమంటుంది, వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపితే ఐదు నెలలు. నిజానికి ఇంకా ఎక్కువే పడుతుంది. ల్యాబ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆ కప్పులు కడగకండి, పారేయకండి. కవర్లో వేసి డబ్బాతో సహా దాచండి. వాపస్ పంపాల్సి వస్తే ముందు అన్ని వైపులా ఫొటోలు, వీడియో తీసుకోండి.

ఎంత వస్తుందని అడుగుతారు. వైద్య ఖర్చులు, వస్తువు ధర, మానసిక వేదనకు కొంత, కేసు ఖర్చులు అడగవచ్చు. లక్షలు వస్తాయని ఎవరైనా ఆశపెడితే నమ్మకండి. ఎంత వచ్చినా అది మీరు చూపే వైద్య కాగితాల మీదే ఆధారపడుతుంది. మీ ఉత్తరంలో డాక్టరు ప్రస్తావనే లేదు. ఈ వారమే చర్మవైద్యుల దగ్గరకు వెళ్లండి. మచ్చలు ఎందుకు వచ్చాయో, ఎంతకాలం ఉండొచ్చో ప్రిస్క్రిప్షన్ మీద రాయమని అడగండి. ఇది కేసు కోసమే కాదు, మీ ముఖం కోసం కూడా.

ఇప్పుడు మీ ఆడపడుచు వాళ్లకు చెప్పాల్సిన మాట. కొన్నవారి అనుమతితో వస్తువును వాడినవారు కూడా చట్టప్రకారం వినియోగదారులే. అంటే ఆ అమ్మాయి తన సొంత పేరుతో ఆ కంపెనీ మీద ఫిర్యాదు వేయొచ్చు, తన వైద్య ఖర్చులు తను అడగొచ్చు. ఆ కేసులో బిల్లు మీ పేరున ఉంటుంది, కప్పులు మీ దగ్గర ఉంటాయి, ఎలా వాడారో చెప్పే సాక్షి మీరే. మీ మీద పోలీసు కేసు పెడితే ఆ సాక్షి ముద్దాయి అవుతుంది, కంపెనీ లాయరు దాన్నే చూపించి తప్పంతా మీదేనంటాడు. కోపం కాస్త తగ్గాక, పెద్దవాళ్లు ఒకరిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లండి. ముందు అమ్మాయి ఎలా ఉందో అడగండి. డాక్టరు ఖర్చు మీరు పెట్టుకుంటానని చెప్పండి. అలా అన్నంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు కాదు. తర్వాత ఈ జవాబు వాళ్లకు చదివి వినిపించండి.